పంపు కప్పీ ఊడదీయు విధము



మన బడులలో తెలుగు వ్యాసరచనకు ఇచ్చే విషయాలను ఒకసారి వరుసగా జ్ఞాపకం చేసుకోండి. ఆవు, గ్రంథాలయము, దీపావళి, వార్తాపత్రికల వలన ప్రయోజనములు, సమయపాలనము. మీరూ నేనూ వ్రాసినవే, మన తలిదండ్రులు వ్రాసినవే. ఆవును గురించి వ్రాయమన్నప్పుడు పిల్లవాడు ఆవును తలచుకొనడు, గైడులో ఉన్న ఆవు వ్యాసాన్ని తలచుకొంటాడు. ఆవు సాధుజంతువు అని మొదలుపెట్టి, కావున మనము ఆవును పూజింపవలెను అని ముగిస్తాడు. వాని ఇంటి కొట్టంలోని ఆవు క్రిందటి వారమే పొడిచి వాని అవ్వ చేయి విరిచిన సంగతి ఆ వ్యాసంలోకి రానే రాదు.

ఈ కారణం చేత, కొన్నేండ్ల క్రిందట మా హోసూరు పిల్లలకు నేనొక వేరు ప్రశ్న ఇచ్చాను. "నీవు చేసిన, లేదా దగ్గరుండి చూసిన ఒక పనిని, ఆ పనిని ఎన్నడూ చూడనివాడు చదివి అర్థం చేసుకొనేటట్లు వ్రాయుము." అంతే. గైడులో దొరకదు కాబట్టి రెండు రోజులు తరగతి అంతా గుసగుసలాడింది. తరువాత కాగితాలు వచ్చాయి. పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేయుట అని ఇద్దరు, గులాబీ మొగ్గలు కోసి కట్టలు కట్టుట అని ముగ్గురు, రాగిసంకటి కెలుకుట అని ఒక పాప. మా ప్రాంతం ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఒక్క కాగితం మాత్రం నన్ను ఆపింది. దాని పైన "కారు పవర్ స్టీరింగు పంపు కప్పీ ఊడదీయు విధము" అని ఉన్నది. వ్రాసినవాడు తొమ్మిదవ తరగతి కుర్రవాడు. వాని తండ్రికి బాగలూరు రోడ్డులో కార్లు బాగుచేసే షెడ్డు ఉన్నది.

శీర్షిక క్రింద ఉన్నది నాలుగే వాక్యాలు. "బెల్టు రిమూవ్ చేయాల. పుల్లరు ఫిక్స్ చేయాల. టైట్ చేస్తా పోవాల. వచ్చేస్తుంది."

మీరైతే ఏం చేసేవారు? ఎర్రసిరాతో నాలుగు దిద్దుబాట్లు చేసి, పదికి మూడు వేసి పంపవచ్చు. నాకు మాత్రం అది దిద్దదగిన కాగితం అనిపించలేదు. అందులో చెప్పవలసినది ఎంతో ఉండి, చెప్పబడినది ఏమీ లేదు. అయితే నాకే తెలియని పనిని నేనెలా దిద్దగలను? కావున ఒక శనివారం సాయంకాలం ఆ షెడ్డుకు వెళ్లాను. నా అదృష్టం కొద్దీ ఆనాడు అదే పని అక్కడికి వచ్చి ఉన్నది, అందులోనూ చెడిపోయిన కప్పీ.

మనలో కారు లోపలి సంగతి ఎరుగని తెలుగు పండితులు ఉండవచ్చు గనుక రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. కారు చక్రాలను పక్కకు త్రిప్పడం నిజానికి బరువైన పని. ఆ బరువును తగ్గించడానికి పాత పద్ధతి కార్లలో ఒక నూనె పంపు ఉంటుంది. ఇంజను త్రిప్పితే రబ్బరు బెల్టు తిరుగుతుంది, బెల్టు పంపు ముందరి కప్పీని త్రిప్పుతుంది, కప్పీ లోపలి ఇరుసును త్రిప్పుతుంది. ఇరుసు మీద ఉన్న దిమ్మలో సన్నని రెక్కలు జారుతూ నూనెను ఒత్తిడి చేసి పంపుతాయి. ఆ ఒత్తిడి సామాన్యమైనది కాదు. కారు టైరులోని గాలి పీడనం సుమారు రెండు బార్లు అయితే, చక్రాన్ని బాగా త్రిప్పినప్పుడు ఈ నూనె పీడనం డెబ్భై ఎనభై బార్లు దాటుతుంది. కప్పీ వంకరపోయినా, పగిలినా బెల్టు కీచుమంటుంది, ఒరుసుకొని అంచులు చిరుగుతాయి, స్టీరింగు బండరాయిలా బరువెక్కుతుంది. కొన్ని బండ్లలో ఒకే బెల్టు ఇంజనును చల్లబరచే నీళ్ల పంపును కూడా త్రిప్పుతుంది. అటువంటప్పుడు ఈ చిన్న కప్పీ చెడితే బండి మొత్తం నిలిచిపోతుంది.

ఇక కప్పీ ఇరుసుకు ఎట్లా అంటుకొని ఉంటుందన్నది అసలు విషయం. కొన్ని బండ్లలో నట్టుతో బిగించి ఉంటారు. నట్టు విప్పి లాగితే పని సగం అయినట్లే. మరికొన్నింటిలో నట్టూ ఉండదు, సీలా ఉండదు. కప్పీ నడిబొడ్డులోని రంధ్రాన్ని ఇరుసుకన్న మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు చిన్నదిగా చేసి, బలంతో ఒత్తి ఎక్కిస్తారు. ఆ బిగువే దాని బంధం. మన తాతలకు ఈ విద్య తెలియనిది కాదు. ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు చుట్టుకొలత కొంచెం తక్కువగా ఉంచి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించినప్పుడు చక్రానికి తొడిగి, గబగబా నీళ్లు పోస్తారు. చల్లారి బిగిసిన పట్టాకు మేకు అక్కరలేదు. ఆ ఇనుప పట్టా వేయడం చూసిన అవ్వాతాతలు మా పిల్లల ఇళ్లలో ఇంకా ఉన్నారు. ఈ పోలిక చెప్పగానే తరగతిలో సగం మందికి విషయం తెలిసిపోయింది.

షెడ్డులో నేను చూసిన కప్పీని అంతకు ముందు వేరొక చోట ఎవరో ఊడదీయబోయి పాడుచేశారు. మూడు కాళ్ల పుల్లరు అనేది ఒకటి ఉన్నది. మూడు కొక్కేలు కప్పీ అంచును పట్టుకొని లాగుతాయి. బేరింగులకు అది మంచి పనిముట్టే. ఈ కప్పీ అంచు పలుచని రేకు. బిగువంతా నడిబొడ్డులో ఉన్నది. అంచు పట్టి లాగితే నడుము కదలదు, అంచు వంగుతుంది. ఈ కప్పీ అంచు అప్పడంలా అలలు తేలి ఉన్నది. అది చాలదన్నట్లు సుత్తితో కూడా కొట్టినట్లున్నారు, నడిబొడ్డు మెడకు ఉండవలసిన గట్టు ఒకవైపు అర అంగుళం మేర ఎగిరిపోయింది. సుత్తి దెబ్బ కప్పీకి తగిలి ఊరుకోదు. ఇరుసు గుండా లోపలికి పోయి రెక్కలు తిరిగే దిమ్మను, దానిని అదిమి ఉంచే పలకను తాకుతుంది. కప్పీ కొన్ని వందలలో దొరుకుతుంది, పంపు వేలలో.

కుర్రవాని తండ్రి దానిని చూసి నాలుక చప్పరించి, ఏమీ అనకుండా పని మొదలుపెట్టాడు. ఇంజను చల్లబడిందో లేదో చేతితో తాకి చూశాడు. బ్యాటరీ తీగ తీశాడు. బెల్టు ఏ కప్పీ మీదుగా ఎటు తిరిగి పోతున్నదో నేల మీద సుద్దముక్కతో ముగ్గులా గీశాడు. తరువాత బిగువు సడలించి బెల్టును తప్పించాడు. ఆ కారులో ముందు జాగా ఇరుకు. అందుచేత నూనె గొట్టాలు విప్పి, వాటి మూతులకు గుడ్డ కట్టి, పంపునే బయటికి దించి బల్ల మీద పెట్టాడు. ఒక చిన్న ఉక్కు స్కేలుతో ఏదో చూసుకొన్నాడు. మెడ సందులో తుప్పు వదిలించే నూనె కొట్టి, "టీ తాగొద్దాం రాండి అయ్యవారూ, అది నానాల" అన్నాడు.

టీ దగ్గర ఆయన నన్నొక మాట అడిగాడు. అది మీలో చాలామందిని తలిదండ్రులు అడిగే ఉంటారు.

"అయ్యవారూ, వీడు రేపు స్పానరు పట్టుకోవాల్సినోడు. తెలుగు పద్యం చదివితే నట్టు ఊడొస్తుందా?"

వెటకారంగా అనలేదు. ఆయనకు నిజంగానే తెలియవలసి ఉన్నది. తమిళనాట ఉన్న మనకు ఈ ప్రశ్న వెనుక ఉన్న బరువు తెలుసు. 2006లో వచ్చిన చట్టంతో తమిళం బడులలో తప్పనిసరి అయింది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పెరిగి, 2015-16 నాటికి పదవ తరగతికి చేరింది. ఆ తరువాత తెలుగు, కన్నడ, ఉర్దూ పిల్లలు పదవ తరగతి పరీక్షకు ముందు న్యాయస్థానాల వైపు చూడవలసి వచ్చింది. తమిళం నేర్చుకోవద్దని మనమెవరమూ అనము; హోసూరులో తమిళం రానివాడు బస్సెక్కి బజారుకు పోలేడు. కాని తమిళం ఒకటి, ఇంగ్లీషు ఒకటి, ఆ పైన తెలుగు అంటే, పిల్లవాని సంచీలోంచి ఒక పుస్తకం తీసేయాలనుకొన్న తండ్రి చేయి ముందుగా ఏ పుస్తకం మీద పడుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఆ తండ్రీ ఆ ఆలోచనలోనే ఉన్నాడు. వాడిని తెలుగు నుండి తప్పిస్తే లెక్కలకు ట్యూషను పెట్టవచ్చునని ఆయన లెక్క.

"ఊడొచ్చేది మర తిప్పితేనే," అన్నాను నేను. "కానీ నీ కొడుకు ఆ పని నాలుగు వాక్యాల్లో రాసినాడు. అది చదివి ఇంకొకడు చేస్తే ఏమవుతుందో నువ్వే చూడు." కాగితం చేతిలో పెట్టాను.

ఆయన అయిదవ తరగతి వరకు తెలుగు బడిలో చదివినవాడే. అక్షరం అక్షరంగా, పెదవులు కదుపుతూ చదివాడు. చదివి నవ్వాడు. ఆ తరువాత నవ్వు ఆగిపోయింది. "ఇట్ల జేసినోడేనప్పా, ఆ కప్పీని వంచినోడు" అన్నాడు.

టీ ముగించి వచ్చాక అసలు పని చూశాను. ఈ పనికి తగిన పుల్లరు వేరుగా ఉంటుంది. రెండు అర్ధచంద్రపు దిమ్మలు. అవి నడిబొడ్డు మెడ మీది గాడిలో ఇరువైపులా కూర్చొంటాయి. అవి విడిపోకుండా పైన ఒక వలయం తొడుగుతారు. నడుమ ఒక మర ఇరుసు కొన మీద ఆని నిలుస్తుంది. ఒక స్పానరుతో పుల్లరు ఒడలును కదలకుండా పట్టుకొని, మరొక స్పానరుతో నడిమి మరను త్రిప్పితే, మర ఇరుసును వెనక్కు నెడుతుంది, దిమ్మలు కప్పీని ముందుకు లాగుతాయి. లాగే బలం, నెట్టే బలం రెండూ ఒకే గీత మీద ఉంటాయి, కాబట్టి ఏదీ వంగదు. దెబ్బ అన్నది లేనే లేదు.

కాని ఈ కప్పీకి గట్టు ఒకవైపు లేదు. పుల్లరు పెట్టి నిదానంగా బిగించి చూశాడు, దిమ్మ ఒరిగి జారింది. రెండవసారి కూడా జారింది. మూడవసారి ప్రయత్నించలేదు. ఇది గమనించవలసిన చోటు. ఆ కప్పీ ఎట్లాగూ పనికిరాదు, దానిని కాపాడే ప్రయాస వృథా. కాపాడవలసినది ఇరుసును, లోపలి నూనె ఆపే సీలును. అందుచేత పంపు ముఖానికి తడిగుడ్డ చుట్టి, నిప్పురవ్వలు, ఇనుప పొడి లోపలికి పోకుండా చేసి, కళ్లకు అద్దాలు పెట్టుకొని, కోసే చక్రంతో నడిబొడ్డును నిలువునా ఒక గీతగా కోయడం మొదలుపెట్టాడు. కొడుకును ఆమడ దూరం నిలబెట్టాడు. పూర్తిగా కోయలేదు. ఇరుసు తగలడానికి వెంట్రుకవాసి ఉందనగా ఆపాడు. ఆ చీలికలో ఉలి పెట్టి మెల్లగా మెలిపెట్టగానే టప్పున శబ్దం వచ్చింది, ఇన్నేళ్లుగా ఇరుసును కరచుకొని ఉన్న బిగువు వదిలిపోయింది. కప్పీని చేతితో లాగి బల్ల మీద వేశాడు. ఇరుసు మీద ఒక్క గీత పడలేదు. నేను వేలు పెట్టి చూశాను, మీరైనా చూసేవారు.

ఆ పైవారం తరగతిలో జరిగినదే నేను మీతో పంచుకోదలచినది. కుర్రవానిని కూర్చోబెట్టి నేను ఏమీ తెలియనివాడిలా ప్రశ్నలు అడిగాను. పుల్లరు కప్పీని ఎక్కడ పట్టుకొంటుంది? మర ఎక్కడ ఆనుతుంది? నీవు త్రిప్పేది దేనిని, పట్టుకొని ఉండేది దేనిని? జారితే ఏం చేస్తావు? ప్రతి ప్రశ్నకూ వాని చేతులు జవాబు చెప్పాయి. ఎడమచేయి పట్టు, కుడిచేయి త్రిప్పుడు, రెండూ గాలిలో చేసి చూపించాడు. నోరు మాత్రం "ఇట్ల సార్, ఇట్ల" అన్నది. ఆ "ఇట్ల"ను వాక్యం చేయడమే మన పాఠం.

మాటల విషయంలో నేను పాటించిన పద్ధతి కొందరికి రుచించకపోవచ్చు. పుల్లరు, బెల్టు, స్పానరు, పంపు, బ్యాటరీ అన్న పేర్లను నేను ముట్టుకోలేదు. పనిముట్టు ఎక్కడినుండి వస్తే పేరూ అక్కడినుండే వస్తుంది, దానిని తెనిగించి పిల్లవాని తండ్రికే అర్థం కాకుండా చేయడం వలన లాభం లేదు. రిమూవ్ చేయు, ఫిక్స్ చేయు, టైట్ చేయు, లూజ్ చేయు అన్నవాటిని మాత్రం ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. పని చేసే చేతులు మనవి, క్రియాపదాలు మనకు తక్కువ లేవు. ఒక్క రిమూవ్ అన్నచోట తెలుగులో ఎన్ని ఉన్నాయో తరగతి అంతా కలిసి నల్లబల్ల మీద వ్రాశాము. మర ఉన్నదానిని విప్పుతాము. బిగువుగా ఉన్నదానిని ముందు సడలిస్తాము. గాడిలో ఉన్నదానిని తప్పిస్తాము. పైనున్నదానిని దించుతాము. అంటుకొన్నదానిని ఊడదీస్తాము. పాతుకొన్నదానిని పెకలిస్తాము. తెలియనివాడు ఊడబెరుకుతాడు. ఇంత తేడా ఉన్నప్పుడు, నట్టును విప్పి, బెల్టును తప్పించి, పంపును దించి, కప్పీని ఊడదీయుట అన్న వాక్యంలో ఏ భాగం ఎట్లా బిగించి ఉన్నదో క్రియే చెప్పేస్తున్నది. పాడుచేసినవాడు ఊడబెరికాడు అని ఒక పాప అన్నప్పుడు తరగతి అంతా నవ్వింది. నాకు ఆ నవ్వు బాగా నచ్చింది.

కప్పీ అన్న మాట దగ్గర కూడా కొంతసేపు ఆగాము. మూడు భాషల నడుమ ఉన్న ఊరు గనుక ఇటువంటి అవకాశాలు మాకు ఊరికే దొరుకుతాయి. తమిళ పాఠంలోనూ అది కప్పియే. కన్నడం మాట్లాడే పిల్లలు రాటె అన్నారు. ఇంట్లో బావి దగ్గర గిలక అంటామని ఇంకొకడు. బావి గిలకా, కారు కప్పీ ఒకటేనా అన్న ప్రశ్న దానంతట అదే వచ్చింది. గిలక మీద చేద త్రాడు లాగితే గిలక తిరుగుతుంది. ఇరుసు దానిని మోస్తుంది, అంతే. ఇక్కడ కప్పీ తిరిగితే ఇరుసు కూడా తిరగవలసిందే, లేకపోతే పంపు పని చేయదు. బిగువు ఎందుకు కావలసి వచ్చిందో అప్పటికి గాని చాలామందికి తట్టలేదు.

సరళ యంత్రాల పాఠం పిల్లలు ఆ యేడాదికి ముందే చదివి ఉన్నారు. మర ఒక సరళ యంత్రము అని కుర్రవాని విజ్ఞానశాస్త్రం నోటుపుస్తకంలో చక్కగా వ్రాసి ఉన్నది, క్రింద టిక్కు కూడా ఉన్నది. ఆ మరకూ తన షెడ్డులో ఉన్న మరకూ చుట్టరికం ఉందని వానికి ఎవరూ చెప్పలేదు. లెక్క వేయించాను. మరచుట్టుకూ మరచుట్టుకూ నడుమ దూరం ఒకటిన్నర మిల్లీమీటరు అనుకొందాము. స్పానరు పొడవు 25 సెంటీమీటర్లు. ఒక్క చుట్టు త్రిప్పితే చేయి తిరిగే దూరం సుమారు 157 సెంటీమీటర్లు, అంటే 1,570 మిల్లీమీటర్లు. మర ముందుకు జరిగేది ఒకటిన్నర మిల్లీమీటరు. వెయ్యి రెట్లకు పైమాట. 10 కిలోల బలంతో త్రిప్పితే ఘర్షణ లేని లోకంలో 10,000 కిలోల లాగుడు వస్తుంది. మన లోకంలో ఘర్షణ అందులో అధికభాగం తినేస్తుంది. పదోవంతు మిగిలినా 1,000 కిలోలు. అందుకే మీ నాయన మరకు గ్రీజు పూస్తాడా అని వాడు తనను తానే అడిగినట్లు అడిగి, తానే అవునన్నాడు. ఇది తెలుగు పాఠమా, లెక్కల పాఠమా అని ఎవరైనా మిమ్మల్ని అడిగితే, పిల్లవాడు ఆ లెక్కను మూడు తెలుగు వాక్యాలలో చెప్పగలడా లేదా అని పరీక్షించి చూపండి.

రెండవ ప్రతిలో వాక్యాలు పంతొమ్మిది అయ్యాయి. ఇంజను చల్లారనిచ్చుట మొదలుకొని బెల్టు దారిని గీసుకొనుట, నూనె నానబెట్టుట, పుల్లరు జారిన యెడల ఆగుట, అన్నీ వరుసగా వచ్చాయి. నాకు సంతోషమైంది. వాడు దానిని తండ్రికి చదివి వినిపించాడు, షెడ్డులో బల్ల దగ్గర, నా ఎదుటనే. తండ్రి చేస్తున్న పని ఆపకుండా విన్నాడు. అంతా అయ్యాక, "కొలత ఏదిరా?" అన్నాడు.

కొలత అంటే నాకూ తెలియలేదు. ఆనాడు ఉక్కు స్కేలుతో ఆయన చూసుకొన్నది అదే. పాత కప్పీని కదపక మునుపు, ఇరుసు కొన కప్పీ నడిబొడ్డుతో సమంగా ఉన్నదా, లోపలికి ఉన్నదా, ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి ఉన్నదా అని చూసి ఉంచుకోవాలి. కొత్త కప్పీని ఎక్కించేటప్పుడు సరిగ్గా అక్కడే ఆపాలి. ఎక్కించడానికి కూడా సుత్తి వాడరు. ఇరుసు కొనలో లోపల మరచుట్లు ఉంటాయి; ఎక్కించే పనిముట్టు వాటిలోకి దిగి, కప్పీని మెల్లమెల్లగా లోపలికి లాగుతుంది. రెండు మూడు చుట్లు మాత్రమే దిగి ఉండగా బలం పెడితే ఆ మరచుట్లు తెగిపోతాయి, అప్పుడు పంపే పోయినట్లు. కప్పీ రెండు మిల్లీమీటర్లు అటో ఇటో ఆగినా మిగిలిన కప్పీల వరుస నుండి తప్పుతుంది, బెల్టు ఒకవైపు ఒరుసుకొని త్వరలోనే చిరుగుతుంది. బండి యజమాని మళ్లీ వచ్చేది అప్పుడే, కోపంతో.

"ఇన్నేండ్లుగా చూస్తా ఉండానే, నువ్వు కొలత తీసుకోమని ఎప్పుడూ చెప్పలేదే నాయనా" అన్నాడు కుర్రవాడు.

నిజమే. ఆయన చేయి కొలత తీసుకొంటుంది, నోరు చెప్పదు. చెప్పవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ కలుగలేదు. కాగితం మీద లేకపోవడం చూసినప్పుడు గాని అది చెప్పవలసిన విషయమని ఆయనకే తోచలేదు. చేతులు తుడుచుకొని, గ్రీజు మరక అంటిన వేలితో కాగితంలో ఆరవ వాక్యానికీ ఏడవ వాక్యానికీ నడుమ చూపించి, "ఈడ రాయి" అన్నాడు. వాడు వ్రాశాడు. ఆ తరువాత ఆయన ఇంకా మూడు చోట్ల చేయి పెట్టాడు. చివరను, కొత్త కప్పీ ఎక్కించి నూనె పోసిన తరువాత ముందు చక్రాలు నేలకు ఆనకుండా బండిని లేపి, స్టీరింగును ఈ కొన నుండి ఆ కొనకు మెల్లగా పలుమార్లు త్రిప్పి లోపలి గాలిని వెళ్లగొట్టవలెననీ, కొన దగ్గర ఎక్కువసేపు పట్టి ఉంచరాదనీ, నూనెలో నురుగు తగ్గిందో లేదో చూడవలెననీ చేర్పించాడు. "రాదు", "వలెను" అన్నవి వాని మాటలు. వ్యాసం అంటే అట్లా ఉండాలని వానికి ఎక్కడో పడిపోయింది. నేను ఆ ముద్దును పోగొట్టలేదు.

ఆ కాగితం కొన్నాళ్లు షెడ్డు గోడకు, విశ్వకర్మ పటం క్రింద అంటించి ఉన్నది. క్రొత్తగా చేరిన హెల్పరు ఒకడు తమిళుడు, వానికి అది చదువను రాదు. కుర్రవాడే చదివి తమిళంలో చెప్పేవాడు. ఇది నేను అనుకోని లాభం.

మీకు కథ అంతా మంగళంగా ముగిసిందని చెప్పబోవడం లేదు. ఆ తండ్రి ప్రశ్న నిలిచే ఉన్నది. తరువాత ఒకసారి ఆయనే అన్నాడు, కొత్త కార్లలో ఈ పంపూ లేదు, కప్పీ లేదు, బెల్టుతో నిమిత్తం లేకుండా కరెంటు మోటారే స్టీరింగును త్రిప్పుతున్నదని. అది నిజం. పెద్ద బస్సులలో, లారీలలో, పాత కార్లలో నూనె పంపు ఉంటున్నది గాని, చిన్న కార్లకు మోటారే వచ్చింది. "వీడు పెద్దోడయ్యేసరికి వీడు నేర్చిన పని ఉంటుందో లేదో, దాని పుస్తకం ఇంగ్లీషులో కదా ఉంటుంది" అన్నాడు. ఉంటుంది. దానిని నేను కాదనలేదు, మీరు కూడా కాదనవద్దు. తెలుగు వస్తే ఇంగ్లీషు మాన్యువలు తెరుచుకొంటుందని తలిదండ్రులకు చెప్పడం మోసం. నేను ఆయనతో చెప్పినది ఇంతే: కొలత తప్పిపోయిన సంగతి మీ ఇద్దరికీ తెలుగులో వ్రాసుకొన్నప్పుడు తెలిసింది, నాలుగు వాక్యాలను పంతొమ్మిది చేయడం వచ్చిన పిల్లవాడు ఇంగ్లీషు పుస్తకం చదివేటప్పుడు కూడా కొలత ఏదని వెదుకుతాడు, ఆవు వ్యాసం బట్టీ పట్టినవాడు దానినీ బట్టీ పడతాడు. ఆయన తల ఊపాడు. ఒప్పుకొన్నట్లా, అయ్యవారి మాట త్రోసిపుచ్చలేకనా, చెప్పలేను.

పెద్దవాడు పదవ తరగతి దాకా తెలుగులోనే ఉన్నాడు. చిన్నవాడిని ఆ తరువాతి యేడు ఇంగ్లీషు బడిలో వేశారు, అక్కడ తెలుగు లేదు. ఆదివారాలు షెడ్డులో అన్న చెబుతుంటే వాడు వ్రాయడం నేర్చుకొంటున్నాడని విన్నాను. ఎంతవరకు వచ్చిందో చూడడానికి వెళ్లాలి.

ఇక మీతో ఒక పని ఉన్నది. బళ్లారిలో, బరంపురంలో, షోలాపురంలో, యానాంలో మీ పిల్లల తండ్రులు ఏ పని చేస్తున్నారో ఆ పనిని ఇట్లా వ్రాయించి చూడండి. మగ్గం కానివ్వండి, వల కానివ్వండి, లేతు కానివ్వండి. వ్రాయించే ముందు ఒకసారి వెళ్లి ఆ పనిని మీ కళ్లతో చూడండి, లేకపోతే కొలత లేదన్న సంగతి మీకూ తెలియదు. మా నల్లబల్ల మీద చేరినవి ఏడు క్రియలే. విప్పు, సడలించు, తప్పించు, దించు, ఊడదీయు, పెకలించు, ఊడబెరుకు. మీ వైపు షెడ్లలో, మగ్గాల దగ్గర, పడవల దగ్గర ఇంకా వేరు మాటలు తప్పక ఉంటాయి. ఏ మాటను ఏ పనికి వాడతారో కూడా చేర్చి వ్రాసి పంపితే, వచ్చే యేడు తొమ్మిదవ తరగతి నల్లబల్ల మీద మీ ఊరి పేరుతో వాటిని వ్రాయిస్తాను.